సోలార్ ప్లాంటు గేటు దగ్గర మీటింగ్ ఎందుకు లేదు?

2024 సెప్టెంబరులో సింగరేణి లాభాల వాటా ప్రకటన వచ్చిన రోజు మా బంధువుల వాట్సాప్ గ్రూపు పెళ్లివారిల్లులా మారిపోయింది. విస్తరణ పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు పంచుతారని వార్త. సగటున తలకు లక్షా 90 వేలు. ఎవరికి ఎన్ని మస్టర్లు (హాజరు) పడ్డాయి, ఎవరి చేతికి ఎంత వస్తుంది, దసరాకు బండి కొనాలా, ఇంటి మీద ఇంకో గది వేయాలా అని ఒకటే లెక్కలు. అదే ప్రకటన అడుగున మరో సంగతి ఉంది. దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా బోనస్ ఇస్తారట, తలకు ఐదు వేలు. వాళ్లకు ఇవ్వడం సంస్థ చరిత్రలో అదే మొదటిసారి కనుక పత్రికలు బాగానే మెచ్చుకున్నాయి. మరుసటి ఏడాది పర్మినెంట్ వాళ్ల సగటు లక్షా 95 వేలు దాటింది. కాంట్రాక్టు వాళ్లకు ఐదు వందలు పెరిగింది.

ఈ లెక్క మళ్లీ గుర్తుకు రావడానికి కారణం ఈమధ్య హైదరాబాద్‌లో వాతావరణ మార్పు మీద జరిగిన ఒక సభ. ఒక వక్త, బొగ్గు వదిలించుకోవడానికి మొదటి అడ్డంకి కార్మిక సంఘాలేనన్నారు. ఆయన తర్వాత మాట్లాడినావిడ, ఈ మార్పుకు కార్మిక సంఘాలే ముందు నడవాలన్నారు. రెండు మాటలకూ ఒకే తీరున చప్పట్లు పడ్డాయి. గనిలో పని చేసిన మనిషి ఆ హాల్లో ఒక్కరైనా ఉన్నట్టు నాకు అనిపించలేదు. ఇద్దరు వక్తలూ కార్మికులంతా ఒకే రకం అనుకుని మాట్లాడారు. బొగ్గు ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లు అలా అనుకోలేరు. ఒకే గేటులోంచి ఇద్దరు లోపలికి వెళ్తారు, ఒకే దుమ్ము పీలుస్తారు. బయటికి వచ్చాక ఒకరికి లక్షా 90 వేలు, ఇంకొకరికి ఐదు వేలు.

నా వాదన ముందే చెప్పేస్తాను. బొగ్గు నుంచి సోలార్‌కు మారడం కార్మికులకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఆ రెండో మనిషిని యూనియన్ తనవాడిగా లెక్కపెడుతుందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. మిగతావన్నీ, అంటే శిక్షణ కేంద్రాలు, నిధులు, అంతర్జాతీయ ఒప్పందాలు, ఆ తర్వాతివే.

లక్ష నుంచి నలభై వేలకు

బొగ్గు పోతే ఉద్యోగాలు పోతాయని గేట్ మీటింగుల్లో తరచూ వింటాం. అందులో అబద్ధం లేదు. కానీ బొగ్గు పోకుండానే ఉద్యోగాలు పోయిన చరిత్ర కళ్లెదుటే ఉంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులు ఉండేవారు. అప్పట్లో ఏడాదికి తీసిన బొగ్గు దాదాపు రెండు కోట్ల టన్నులే. 2023-24లో ఏడు కోట్ల టన్నులు తీశారు. పర్మినెంట్ ఉద్యోగులు నలభై వేల చిల్లర. బొగ్గు మూడు రెట్లు దాటింది, మనుషులు సగానికి కూడా మిగలలేదు.

ఇందులో సోలార్ పాత్ర ఏమీ లేదు. పారిస్ ఒప్పందం అప్పటికి పుట్టలేదు. తట్ట, చెమ్మస్ పట్టుకుని బొగ్గు ఎత్తిన కోల్ ఫిల్లర్ల స్థానంలో యంత్రాలు వచ్చాయి. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి ఓపెన్‌కాస్ట్‌లు తెరుచుకున్నాయి. స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి, వారసత్వ ఉద్యోగాలు ఆగాయి. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు పైనున్న మట్టిని, అక్కడ అందరూ ఓబీ అంటారు, దాన్ని తీసే పనిలో ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీలకు పోయింది. ఆ డంపర్లు నడిపే కుర్రాళ్లలో చాలామంది ఒకప్పటి గని కార్మికుల కొడుకులే.

యూనియన్లు చేతులు కట్టుకుని కూర్చున్నాయని అంటే అన్యాయం. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక, మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు కారుణ్య నియామకాల దారి తెరుచుకునేదాకా కార్మికులు వదల్లేదు. ఆ దారిలో వేలమంది యువకులు ఉద్యోగాల్లో చేరారు. ఆ ఆర్డరు కాగితం వచ్చిన ఇంట్లో ఆ రాత్రి ఎలా ఉంటుందో నేను చూశాను, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే ఆ పోరాటమంతా ఉన్న ఉద్యోగం గడప దాటి పోకుండా కాపాడుకోవడానికే. గడప అవతల ఏటేటా పెరుగుతున్న కాంట్రాక్టు పని మీద అంత పట్టుదల కనిపించలేదు.

రెండు సమ్మెలు పక్కపక్కన పెట్టి చూడండి. 2021 డిసెంబరు 9 నుంచి 11 వరకు, సత్తుపల్లి, కోయగూడెం, శ్రావణపల్లి, కల్యాణఖని బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా సంఘాలన్నీ జెండాల రంగు మరిచిపోయి మూడు రోజులు సమ్మె చేశాయి. పది నెలలు కూడా తిరగకుండానే, 2022 సెప్టెంబరులో, కాంట్రాక్టు కార్మికులు వేతనాల పెంపు కోసం 18 రోజులు సమ్మె చేశారు. అది చివరిదాకా కాంట్రాక్టు కార్మికుల సమ్మెగానే మిగిలింది. బొగ్గు బ్లాకు ప్రైవేటు పాలవుతుంటే కలిసొచ్చిన చేతులు, పని ప్రైవేటు పాలైనప్పుడు కలిసిరాలేదు.

యాజమాన్యంతో కార్మికుల తరఫున మాట్లాడే గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఓటు పర్మినెంట్ కార్మికులదే. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో దాదాపు రెండు వేల ఓట్ల తేడాతో ఏఐటీయూసీ గెలిచింది. ఆ ప్రచారంలో సొంతింటి పథకం, ఆదాయపు పన్ను, వేరే పేరుతో ఉద్యోగంలో చేరినవాళ్ల మారుపేర్ల సమస్య, ఇవన్నీ గట్టిగా వినిపించాయి. అవన్నీ నిజమైన సమస్యలే. ఓటు ఎవరిదో డిమాండు కూడా వాళ్లదే అవుతుంది, అందులో వింత లేదు.

తమ్ముడి ఉద్యోగం

మా చిన్నమ్మ కొడుకు ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్. వాళ్ల నాన్న గని ఫిట్టర్‌గా వయసు నిండేదాకా ఆరోగ్యంగా పని చేసి రిటైర్ అయ్యారు. ఆరోగ్యంగా ఉండటమే నష్టమైంది, అన్‌ఫిట్ కాలేదు కాబట్టి కొడుక్కి ఉద్యోగం రాలేదు. గోదావరిఖనిలో కొన్నాళ్లు ఖాళీగా తిరిగి, తమ్ముడు రాయలసీమలో ఒక ప్రైవేటు సోలార్ ప్లాంటులో చేరాడు. ఏ ప్లాంటో, ఏ ఊరో చెప్పను. వాడి కడుపు మీద కొట్టడం నాకు ఇష్టం లేదు.

ఒకసారి వాడి దగ్గరికి వెళ్లినప్పుడు ప్యానెళ్లు కడగడం చూశాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలుపెడతారు. వేడెక్కిన అద్దం మీద చల్లని నీళ్లు పడితే పగులుతుందని ఎండ ఎక్కకముందే పని ముగించాలి. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, తలకు కట్టుకున్న లైటు, చేతిలో పొడుగాటి కర్రకు బిగించిన బ్రష్షు. ట్యాంకర్ నుంచి పైపు లాక్కుంటూ ఒక్కో వరుస కడుగుకుంటూ పోతున్నారు. నీళ్లు మోచేతుల మీదుగా కారి చీర కుచ్చిళ్లు తడిసిపోతున్నాయి. వాళ్లలో ఇద్దరు ముగ్గురి పొలాలు ఆ ప్యానెళ్ల కిందే ఉన్నాయని తమ్ముడు చెప్పాడు. వాడి పని ఇన్వర్టర్ గదిలో. క్లాంప్ మీటరుతో ఒక్కో లైను కరెంటు చూసుకుంటూ, ఎక్కడ తగ్గితే అక్కడికి మోటారు సైకిల్ మీద పోతాడు. పని బాగా వచ్చు, ఆ పనంటే ఇష్టం కూడా.

"జీతం ఎవరిస్తారు?" అని అడిగాను.

"మనుషుల్ని పెట్టే ఏజెన్సీ అన్నా. అదీ టెండరు మారినప్పుడల్లా మారుతుంది. మనుషులం మేమే, కార్డు మీద పేరు వేరు, పీఎఫ్ ఖాతా వేరు. పాతది కలిపించుకోవడానికి మళ్లీ తిరగాలి."

"యూనియన్ పెట్టుకోలేదా?"

నవ్వాడు. "ఎవరి మీద పెట్టాలన్నా? ప్లాంటు ఒకరిది, నడిపేది ఇంకొకరు, మమ్మల్ని పెట్టింది మూడోవాళ్లు."

సభలో చప్పట్లు కొట్టిన పెద్దలకు ఈ మాట వినిపించాలని ఉంది. గ్రీన్ ఉద్యోగం అని మనం ముచ్చటగా చెప్పుకునేది ఇదే. గాలి మంచిది, పొగ లేదు, పైకప్పు కూలుతుందన్న భయం లేదు. గనిలో వాళ్ల నాన్నకు ఉన్నవాటిలో మిగతావి ఏవీ లేవు: వేజ్ బోర్డు లేదు, క్వార్టరు లేదు, ఆస్పత్రి లేదు, ఫిర్యాదు చేస్తే తీసుకునే యూనియన్ పిట్ కార్యదర్శి లేడు.

సోలార్ అన్నం పెడుతుందా

మా మేనమామ కోల్ ఫిల్లర్‌గా చేరి, యూనియన్‌లో తిరిగి, ఇప్పుడు ఇంటి దగ్గర ఉంటున్నారు. సోలార్ మాట ఎత్తితే ఆయన ఒకటే అంటారు, "అది కరెంటు ఇస్తుంది గానీ అన్నం పెట్టదు." ఈ మాటను పర్యావరణవాదులు పట్టించుకోరు. నేను పట్టించుకుంటాను, ఎందుకంటే అంకెలు చాలావరకు ఆయన పక్షానే ఉన్నాయి.

ఇంధనం, పర్యావరణం మీద పని చేసే సీఈఈడబ్ల్యూ, ఎన్ఆర్‌డీసీ సంస్థల అంచనా ప్రకారం నేల మీద పరిచే పెద్ద సోలార్ ప్లాంటులో ఒక మెగావాట్‌కు మూడున్నర మంది ఏడాది పాటు చేసేంత పని దొరుకుతుంది. అందులోనూ పెద్ద వాటా కట్టేటప్పటి పనే. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2022 జూలైలో పూర్తయింది. అప్పటికి దేశంలో అలాంటి వాటిలో అదే పెద్దది. నీటి మీద 500 ఎకరాల మేర ప్యానెళ్లు, దాని వెనకే 2,600 మెగావాట్ల పాత థర్మల్ ప్లాంటు పొగ గొట్టాలు. థర్మల్ ప్లాంటు గేటు దగ్గర షిఫ్టు మారే వేళ నిలబడితే జనం కనిపిస్తారు. ఆ తేలే ప్యానెళ్ల దగ్గర అలాంటి వేళ అంటూ లేదు. సింగరేణి కూడా 300 మెగావాట్ల సోలార్ లక్ష్యం పెట్టుకుని అందులో చాలావరకు కట్టేసింది. సంతోషమే. ఆ 300 మెగావాట్లతో ఒక పాత భూగర్భ గని చేసినన్ని కుటుంబాల పోషణ జరగదు.

కాబట్టి ఒక గని ఉద్యోగం పోతే ఒక సోలార్ ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే యూనియన్ నమ్మకూడదు. నేనూ నమ్మను. కానీ అదే అంచనాలో ఇంకో అంకె ఉంది. ఇళ్ల కప్పుల మీద పెట్టే సోలార్‌కు మెగావాట్‌కు దాదాపు 25 మంది ఏడాది పని. ఏడు రెట్లు. ఎక్కువ మందికి పని కావాలంటే ఎలాంటి సోలార్ కావాలన్నది కూడా కార్మికుల డిమాండే అవుతుంది. గోదావరిఖని నుంచి కొత్తగూడెం దాకా సింగరేణికి వేల క్వార్టర్లున్నాయి. వాటి కప్పులన్నీ ఖాళీగా ఎండుతున్నాయి. కోటి ఇళ్ల కప్పుల మీద సోలార్ పెడతామని 2024 ఫిబ్రవరిలో కేంద్రం పథకం ప్రకటించింది. మా కాలనీల కప్పుల పని మా పిల్లలకే, సంస్థ సొంత విభాగం కిందే ఇవ్వాలి అని నేను విన్న ఏ గేట్ మీటింగులోనూ ఎవరూ అడగలేదు.

దీనికి తిరుగు వాదన ఉంది. కప్పుల మీది పని చిన్న చిన్న కాంట్రాక్టర్లది. నలుగురు ఇక్కడ, ఇద్దరు అక్కడ. అలాంటి చోట సంఘం కట్టడం ఇంకా కష్టం. తమ్ముడు అడిగిన "ఎవరి మీద పెట్టాలి" అన్న ప్రశ్న అక్కడ మరీ పెద్దది.

జవాబు కోసం విదేశాలకు పోనక్కర్లేదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. యజమాని ముఖం ఎన్నడూ చూసి ఉండరు, మధ్యలో కమీషన్ ఏజెంట్లు. ఒకచోట చేరే ఫ్యాక్టరీ లేదు, సైరన్ లేదు. అయినా వాళ్లలో చాలామందికి పీఎఫ్ ఉంది, గుర్తింపు కార్డు ఉంది. ఇంటి దగ్గర పని చేసేవాళ్లను కూడా కార్మికులుగా గుర్తించి, మధ్యవర్తి ఎవరైనా అసలు యజమానిదే బాధ్యత అని 1966 నాటి బీడీ కార్మికుల చట్టం చెప్పింది. ఆ చట్టం ఊరికే రాలేదు, వచ్చాక ఊరికే అమలూ కాలేదు. బీడీ పనివాళ్లను సంఘాల్లో చేర్చగలిగిన చోట, ఐటీఐ చదివి చేతిలో ఫోను ఉన్న సోలార్ కుర్రాళ్లను చేర్చలేమంటే ఒప్పుకోవడం కష్టం.

కొమాటిలో జరిగింది

పారిస్ ఒప్పందం పీఠికలో కార్మికులకు న్యాయం జరిగేలా మార్పు ఉండాలన్న మాట చేరింది. దాని వెనక అంతర్జాతీయ కార్మిక సంఘాల ఒత్తిడి ఉంది. అసలు ఆ ఆలోచన మూలాలు వెతికితే అమెరికాలో చమురు, రసాయన కార్మికుల సంఘం నాయకుడు టోనీ మజ్జోకి దగ్గరికి వెళ్తాం. కాలుష్యం చేసిన నేలను శుభ్రం చేయడానికి నిధి ఉన్నప్పుడు, పని పోయిన కార్మికుడికి నిధి ఎందుకుండకూడదని ఆయన అడిగారు. అంటే ఇది యూనియన్ల నెత్తిన ఎవరో రుద్దిన సంగతి కానేకాదు, వాళ్ల సొంత సరుకే.

అయినా ఆచరణలో ఎక్కడ తెగిపోతుందో దక్షిణాఫ్రికా చూపించింది. కొమాటి అనే బొగ్గు విద్యుత్ కేంద్రం చివరి యూనిట్‌ను 2022 అక్టోబరులో ఆపేశారు. అక్కడ సోలార్, పవన విద్యుత్తు, శిక్షణ కేంద్రం వగైరాలకు ప్రపంచ బ్యాంకు దాదాపు 50 కోట్ల డాలర్లు ఇస్తానంది. ప్రపంచమంతా నమూనాగా చెప్పుకోవాల్సిన చోటు. ప్రభుత్వ సంస్థ ఎస్కామ్ తన సొంత ఉద్యోగుల్లో ఎక్కువమందిని వేరే కేంద్రాలకు సర్దింది. కాంట్రాక్టు వాళ్లు రోడ్డున పడ్డారు. వాళ్ల మీద ఆధారపడ్డ చిన్న చిన్న వ్యాపారాలు వాళ్ల వెంటే పోయాయి. కొత్త పనులు మొదలయ్యేసరికి పాత జీతాలు ఆగి చాలాకాలమైంది. బొగ్గు మూసేయాలన్న మాట వింటేనే అక్కడి గని కార్మికుల సంఘం ఇప్పుడు మండిపడుతోందంటే తప్పెవరిది?

స్పెయిన్ కథ వేరు. 2018 అక్టోబరులో ప్రభుత్వం, సంఘాలు, గనుల యజమానులు కూర్చుని 25 కోట్ల యూరోల ఒప్పందం చేసుకున్నారు. 48 ఏళ్లు దాటినవాళ్లకు ముందస్తు విరమణ, చిన్నవాళ్లకు వేరే పనులు. తర్వాత థర్మల్ కేంద్రాలు మూసినప్పుడు అనుబంధ కంపెనీల కార్మికులను కూడా లెక్కలోకి తీసుకున్నారు. దీన్ని మనకు పాఠంగా అప్పజెప్పేవాళ్లంటే నాకు కాస్త చిరాకు. అక్కడ మిగిలిన గని కార్మికులు మన ఒక్క ఏరియాలో ఉన్నంతమంది కూడా ఉండరు, వెనక యూరప్ సొమ్ముంది. అయినా ఒకటి మాత్రం తీసుకోవచ్చు. అక్కడ సంఘాలు గని మూతపడ్డాక ధర్నా చేయలేదు, మూసే తేదీకి ముందే బల్ల దగ్గర కూర్చున్నాయి.

మన దగ్గర ఆ తేదీ ఇప్పట్లో లేదనేది నిజమే. 2024-25లో దేశం వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు తీసింది. సింగరేణి ఒడిశాలోని నైనీలో కొత్త గని తెరిచింది. తొందరేముంది అని ఎవరైనా అడగొచ్చు. కానీ దేశం బొగ్గు తేదీ వేరు, గని తేదీ వేరు. ప్రతి గనికీ ఒక ఆయుష్షు ఉంది, అది ప్రణాళికలో రాసే ఉంటుంది. 2009 నుంచి ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక, దానికోసం ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికే విడిగా ఉంచే ఖాతాలో, డబ్బు జమ చేయడం తప్పనిసరి. గుంతలు పూడ్చడం, మొక్కలు నాటడం, నీటిని వాడుకోవడం, ఇవన్నీ మనుషులు చేయాల్సిన పనులు. ఆ డబ్బుతో ఆ పని ఎవరు చేస్తారు, ఏ జీతానికి చేస్తారు అన్నది ఇప్పుడే తేల్చుకోవాల్సిన విషయం.

ఎండలో మొదలుపెట్టొచ్చు

వాతావరణ మార్పు అనగానే కార్మికులకు అదేదో ఢిల్లీ మాటలా అనిపిస్తుందంటారు. మే నెలలో రామగుండం ఓపెన్‌కాస్ట్‌లోకి ఒక్కసారి దిగితే చాలు. కింద నల్లని బొగ్గు, చుట్టూ కాలిన మట్టి గోడలు, గాలి ఆడదు. మజ్జిగ ప్యాకెట్లు, చల్లని నీళ్లు, షిఫ్టు వేళల మార్పు కోసం సంఘాలు ఏటా అడుగుతూనే ఉన్నాయి. వాతావరణ పోరాటం అని పేరు పెట్టకుండానే చేస్తున్నారు. ట్రిప్పుల లెక్కన కూలి కట్టే చోట డ్రైవరు మధ్యాహ్నం రెండింటికి బండి పక్కన పెట్టి నీడకు పోలేడు. పోతే ఆ రోజు కూలి తగ్గుతుంది. ఎండ డిమాండు కూడా చివరికి కాంట్రాక్టు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఇదంతా మామకు చెప్పాను. ఆయన అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు.

"పర్మినెంట్ వాళ్ల చందాతో నడిచే సంఘం కాంట్రాక్టు వాళ్ల కోసం కొట్లాడితే, రేపు గుర్తింపు ఎన్నికల్లో ఓటు ఎవరు వేస్తారు? వాళ్లకు జీతం పెరిగితే మన వాటా తగ్గుతుందనేవాళ్లు లేరా?"

ఉన్నారు. బోనస్ వార్త వచ్చినప్పుడు మా గ్రూపులోనే ఒకరు ఆ మాట అన్నారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రిటైర్ అయ్యేవాళ్లు ఏటా ఉంటారు, పర్మినెంట్ ఓటర్లు తగ్గుతూ పోతారు, పదిహేనేళ్ల తర్వాత ఈ సంఘాలకు సభ్యులుగా మిగిలేది ఎవరో లెక్కేసుకోమని మాత్రం అన్నాను. మామ కాసేపు ఆలోచించి, అప్పటికి తాను ఉండనన్నారు.

తర్వాత ఆయనే అడిగారు, సరే, సంఘం ముందుగా ఏం అడగాలి అని. సింగరేణి సోలార్ ప్లాంట్ల నిర్వహణ టెండర్లలో మూడు నిబంధనలు చాలన్నాను. ఏజెన్సీ మారినా మనుషులు మారకూడదు. పీఎఫ్ తెగకూడదు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలకు తగ్గకూడదు. ఇది ప్రభుత్వ రంగ సంస్థ, సగానికి పైగా వాటా రాష్ట్రానిది, యూనియన్ మాట చెల్లే చోటు. ఇక్కడ సాధిస్తే రాయలసీమలో తమ్ముడి ప్లాంటుకు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

"ఆ టెండరు కాగితం మనకు ఎవరు చూపిస్తారు?" అన్నారు మామ.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి అడగొచ్చని చెప్పాను. దానితో పాటే గని మూసివేత ప్రణాళిక కూడా అడగమన్నారు, ఎస్క్రోలో ఎంత జమైందో కూడా. దరఖాస్తు నన్నే రాయమన్నారు. రెండూ ఒకే దరఖాస్తులో పెట్టాలా, విడివిడిగా పెట్టాలా అని మా ఇద్దరి మధ్య ఇంకా వాదన నడుస్తోంది.